హృదయవాసియు హృదయవ్యాధియు

సర్వభూతముల హృదయదేశమున ఈశ్వరుడు నెలకొనియున్నాడని భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున చెప్పినది. ఈ శరీరము బ్రహ్మపురమనియు, ఆ పురములో పద్మాకారమైన చిన్న గృహమొకటి కలదనియు, ఆ గృహములోని సూక్ష్మాకాశమునందలి తత్త్వమునే అన్వేషించి తెలిసికొనవలెననియు ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయములోని దహరవిద్య బోధించుచున్నది. నారాయణసూక్తము ఆ పద్మకోశమునకు కంఠమునకును నాభికిని నడుమ చోటుకూడ నిర్ణయించి చూపినది. దేవాలయములలో ఆ సూక్తము చేరిన మంత్రపుష్పము చదువుచుండగా చేతులు జోడించి నిలుచు తెలుగువారికి, అర్థము తెలిసినను తెలియకున్నను, ఆ మాటలు చిన్ననాటినుండి చెవులలో మ్రోగుచున్నవే.

ఇట్టి మాటలు వినుచు పెరిగినవానితో ఒకనాడు వైద్యుడు, “మీ గుండె కండరమే బలహీనపడినది” అనియో, “మీ గుండె గదిలో ఒక కంతి పెరుగుచున్నది” అనియో చెప్పినప్పుడు, ప్రాణభయముతోపాటు అంతకంటె లోతైన కలత యొకటి వాని మనసున పుట్టక మానదు. కాలికో కంటికో వచ్చిన వ్యాధి వేఱు. స్వామి కొలువుండు పీఠమునకే వచ్చిన వ్యాధి వేఱు. ఆయన యింట ఆయన యుండగా ఆ యింటికి ఈ చేటేల వచ్చినది? ఆయనకు కాపాడు శక్తి లేకపోయెనా? ఉండియు ఉపేక్షించెనా? లేక రోగి చేసిన దోషమునకు అలిగి ఆ యిల్లు విడిచి వెడలిపోయెనా? ఇది పండితులు వాదముకొఱకు కల్పించుకొన్న ప్రశ్న కాదు. ఆపరేషను గది వెలుపల బల్లపై కూర్చున్న తల్లి, “ఏ జన్మలో ఏ పాపము చేసితినో” యని కొంగుతో కన్నులొత్తుకొనునప్పుడు ఆమె నోట వెలువడుచున్నది ఈ ప్రశ్నయే. దీనికి శాస్త్రసమ్మతమును అనుభవసమ్మతమును అగు సమాధానము మన సంప్రదాయములోనే కలదని నా విశ్వాసము. అది చక్కగా బోధపడవలెనన్నచో ముందుగా ఆ అవయవమును, దాని వ్యాధులను కొంత దగ్గఱగా చూడవలసియున్నది.

గుండె పిడికిలి ప్రమాణముగల కండరము; వయోజనులలో దాని బరువు ఇంచుమించు 300 గ్రాములు. దినమునకు లక్షమాఱులు ముకుళించి వికసించు ఈ కండరమునకు విశ్రాంతి యన్నది రెండు స్పందనముల నడుమ దొరకు లిప్తకాలమే. కుడి కర్ణిక పైభాగమునందలి కణముల గుంపొకటి తనంతట తానే విద్యుత్ప్రేరణను పుట్టించుచుండును గనుక మెదడు ఆజ్ఞ లేకయే గుండె కొట్టుకొనును. దేహమునుండి వేఱుచేసినను కొంతసేపు కొట్టుకొనుచునే యుండును. ఇంతకు మించిన విశేషము మఱొకటి కలదు. చర్మమును, రక్తమును, ప్రేగుల లోపొరయు పాతకణములను విడిచి కొత్తకణములను నిరంతరము పుట్టించుకొనుచుండగా, గుండెలోని కండరకణములు మాత్రము శిశువు పుట్టిన కొలదికాలమునకే విభజనను ఇంచుమించుగా చాలించును. గత శతాబ్దమధ్యమున జరిగిన అణ్వస్త్రపరీక్షలు వాయుమండలమున నింపిన రేడియోధార్మిక కర్బనమును కాలసూచికగా గైకొని స్వీడను శాస్త్రజ్ఞులు 2009లో లెక్కించి చూడగా, ఇరువదియైదేండ్ల వయసున ఏడాదికి నూటికొక్క కణము, డెబ్బదియైదేండ్ల వయసున అందు సగమునకును తక్కువ, కొత్తగా చేరుచున్నట్లు తేలినది. నిండుజీవితము గడపిన వృద్ధుని గుండెలో సగమునకు మించిన కండరకణములు ఆతడు తొట్టెలో నున్ననాటివే యని దీని భావము.

సామాన్యముగా గుండెజబ్బు అనగానే మనము తలచునది హృదయధమనులలో కొవ్వు పేరుకొని రక్తము అందకపోవుట. అందు మొదటి దోషము నాళములది. నాళములు శుభ్రముగానే యుండి, కవాటములు చక్కగానే పనిచేయుచుండి, కండరము తానై చెడిపోవు వ్యాధులు వేఱుగా కలవు. 1957లో లండను వైద్యుడు వాలెస్ బ్రిగ్డెన్ వీనిని ప్రత్యేకించి కార్డియోమయోపతులని వ్యవహరించెను. కొందఱిలో కండరము పలుచబడి గదులు ఉబ్బిపోవును. కొందఱిలో అకారణముగా మందమై గదులు ఇఱుకగును. మఱికొందఱిలో బిగుసుకొనిపోయి రక్తమును లోనికి రానీయదు. వీనికి కారణములు మద్యము కావచ్చును, వైరసు కావచ్చును. గర్భము నిండిన దినములలోనో ప్రసవానంతరముననో, ఏ తప్పును ఎఱుగని బాలింతకు ఈ వ్యాధి రావచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, తల్లిదండ్రులనుండి సంక్రమించిన జన్యువులో ఒక చిన్న మార్పు కావచ్చును.

బ్రిగ్డెన్ వ్రాసిన మఱుసటి సంవత్సరము, 1958లో, అదే లండనున డొనాల్డ్ టియర్ అను రోగనిదానశాస్త్రజ్ఞుడు హఠాత్తుగా మరణించిన కొందఱు యువజనుల గుండెలను పరీక్షించి, రెండు జఠరికల నడిమి గోడ విపరీతముగా మందమై యుండుటను గమనించెను. సూక్ష్మదర్శినిలో చూడగా, వరుసగా ఒకే దిక్కున సాగవలసిన కండరతంతువులు దిక్కులు తప్పి ఒకదానిపై నొకటి అడ్డదిడ్డముగా పడియుండెను. అది ఒక విధమైన నిరపాయమగు కంతియేమో యని కూడ ఆయన తలపోసెను. కంతి కాదని తరువాత తేలినది. వంశములలో తరతరములు దిగివచ్చు కండరవ్యాధి యది. ఇంచుమించు అయిదువందలమందిలో ఒకరికి ఇది యుండునని నేడు వైద్యులు చెప్పుచున్నారు. తల్లిదండ్రులలో ఒక్కరికి ఆ జన్యుదోష మున్నచో ప్రతి బిడ్డకును అది వచ్చుటకు సగము అవకాశము కలదు. చాలమంది దానితోనే నిండునూఱేండ్లు జీవింతురు. కొందఱు మాత్రము ఆటస్థలముననో, పొలముననో పరుగెత్తుచు పరుగెత్తుచు కుప్పకూలుదురు.

ఇక్కడనే మన ప్రశ్న తీవ్రరూపము దాల్చును. పెండ్లియైన ఆఱునెలలకు ఇరువదియైదేండ్ల యువకుడు అకస్మాత్తుగా మరణించెననుకొనుడు. మన పల్లెలలో ఏమి జరుగునో నేను చెప్పనక్కఱలేదు. “ఏ వేళ అడుగు పెట్టినదో” యని కోడలిని నిందింతురు. జాతకము మరల చూపింతురు. ఆ యింటి గడపలో ఏదో దోషమున్నదని తలుపు మార్పింతురు. ఆ యువకుని తమ్ముడు అదే మందమైన గోడను గుండెలో మోయుచు పెరటిలో బంతియాట ఆడుచుండగా, వానికి ఒక ఎకో పరీక్షయైనను చేయింపవలెనని తట్టదు. మనము కర్మసిద్ధాంతమును ఆచరించుచున్నామనుకొని చేయు ఈ పని, నిజమునకు ఒక అమాయకురాలిపై నిందయు, ఒక బాలుని ప్రాణముపై ఉపేక్షయు తప్ప మఱొకటి కాదు. దోషము ఎవరిదని వెదకు కన్ను, దోషము ఎక్కడనున్నదని చూడలేకపోవుచున్నది.

ఈ సందర్భమున హైదరాబాదులో జరిగిన పరిశోధన యొకటి స్మరింపదగినది. అక్కడి కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునకు చెందిన తంగరాజ్ ప్రభృతి శాస్త్రజ్ఞులు దేశవిదేశముల సహచరులతో కలిసి 2009లో ప్రకటించిన దాని సారాంశ మిది: గుండె కండరమునకు అవసరమైన ఒక మాంసకృత్తును నిర్మించు జన్యువులో ఇరువదియైదక్షరములు లోపించిన రూపమొకటి భారత ఉపఖండమున నూటికి సుమారు నలుగురిలో కలదు, అది ఇంచుమించు 33,000 ఏండ్లక్రిందట పుట్టియుండవచ్చును. అది యున్నవారందఱును రోగులు కారు. ఆపద కలిగినను చాలమందికి నడివయసు దాటిన పిదపనే కలుగును. అప్పటికి వారు బిడ్డలను కని పెంచియుందురు గనుక, ఆ లోపము ప్రకృతి వడపోతకు చిక్కక తరతరములు దిగివచ్చినది. ఏ వేదమును పుట్టని కాలమున, పేరు తెలియని ఒక పూర్వునిలో జరిగిన చిన్న పొరపాటు నేడు ఈ నేలపై నున్న అన్ని కులములవారికిని అన్ని మతములవారికిని ఉమ్మడి వారసత్వమై యున్నది. ఇందు ఎవరి పాపము నెన్నుదుము? పుణ్యాత్ముడును పాపాత్ముడును సమముగా పంచుకొన్న దానిని శిక్షయనుట న్యాయమా?

ఇట్లన్నచో కర్మసిద్ధాంతమునే త్రోసివేసినట్లగునా యని ఆస్తికులు శంకింపవచ్చును. నా మనవి యది కాదు. ప్రారబ్ధమను భావన, బాధపడువాడు తన బాధను తాను ఓర్చుకొనుటకు, దేవునిపై గాని లోకముపై గాని ద్వేషము పెంచుకొనకుండుటకు తోడ్పడు ఆత్మౌషధము. దానిని తనకై తాను సేవించినవానికి శాంతి కలుగును. ఎదుటివాని నోట బలవంతముగ పోసినచో అది విషమగును. జన్మ, మృత్యు, జరా, వ్యాధులందలి దుఃఖమును పలుమాఱు తలపోయుటను గీత జ్ఞానలక్షణముగా పేర్కొన్నది గాని, వ్యాధిగ్రస్తుని నేరమును తవ్వితీయుటను ఎచటను జ్ఞానముగా పేర్కొనలేదు. చరకమహర్షి మఱింత స్పష్టముగా, ఆయుర్దాయము దైవముపైనను పురుషప్రయత్నముపైనను ఆధారపడియుండుననియు, అంతయు ముందే నిర్ణీతమైనచో మంత్రముతో గాని ఔషధముతో గాని ఎవరికిని పనియే యుండదనియు విమానస్థానమున వాదించెను. హృద్రోగములను ఐదు విధములుగా విభజించి వానికి చికిత్సలు చెప్పిన ఆ ఋషి, రోగిని ముందు నేరస్థునిగా నిలిపి ఆ పిదప మందీయలేదు.

ఇక గుండెలో పుట్టు కంతులు. ఇవి మిక్కిలి అరుదు. మరణానంతర పరీక్షలలో వేయింటికి ఒకటికూడ కానరాదు. శరీరమున మఱొకచోట పుట్టిన క్యాన్సరు గుండెకు ప్రాకుట ఇంతకు ఇరువది రెట్లకు మించి జరుగును. గుండెలోనే పుట్టినవానిలో నాలుగింట మూడు పాళ్లు క్యాన్సరు కానివి. పెద్దవారిలో వానియందు ఎక్కువగా కనబడునది మిక్సోమా. పసిపిల్లలలో కనబడు కండరపు కంతులు అనేకము పుట్టిన తరువాత తమంతట తామే కృశించి మాయమగుట మఱొక వింత.

మిక్సోమాను ఎకో యంత్రపు తెరపై చూచినవారు దానిని మఱువలేరు. తాటిముంజవలె మెత్తగా, జిగటగా నుండు ఆ ముద్ద సన్నని కాడతో ఎడమ కర్ణిక గోడకు వ్రేలాడుచు, గుండె వికసించినప్పుడెల్ల కవాటమున దూఱి క్రిందికి జాఱుచు, ముకుళించినప్పుడెల్ల పైకి వచ్చుచు, నిమిషమునకు డెబ్బదిమాఱులు ఊగుచుండును. రోగి ఒక ప్రక్కకు ఒత్తిగిల్లినచో ఊపిరాడును, మఱొక ప్రక్కకు తిరిగినచో ఆడదు. స్టెతస్కోపుతో వినువానికి అది కీళ్లవాతము వలన కవాటము ఇఱుకైన వ్యాధివలె భ్రమ గొల్పును. ఒక్కొక్కప్పుడు దాని తునుక విఱిగి మెదడునకు పోయి పక్షవాతము తెచ్చును. ఇక ఆ కాడ మొలచు చోటును గమనింపుడు. తల్లిగర్భమున నున్నప్పుడు ఊపిరితిత్తులతో పని లేని శిశువునకు, తల్లి యొసగిన శుద్ధరక్తము కుడి కర్ణికనుండి ఎడమ కర్ణికకు పోవుటకు ఒక రంధ్రముండును. పుట్టి మొదటి ఊపిరి పీల్చినంతనే అది మూతపడి, మచ్చవంటి పల్లమై మిగులును. మిక్సోమా తఱచుగా పుట్టునది ఆ పల్లము అంచుననే. మనలను బ్రదికించిన మార్గము మూసికొన్న చోటనే మనలను చంపగల వస్తువు మొలచుచున్నది.

గుండె కంతు లింత అరుదగుటకు శాస్త్రజ్ఞులు చెప్పు ముఖ్యకారణమును విన్నప్పుడు, సృష్టిరహస్యపు అంచును తాకినట్లగును. క్యాన్సరనగా కణవిభజన హద్దు మీఱుట. గుండె కండరకణములు ఇంచుమించు విభజనయే పొందవు గనుక వానికి ఆ హద్దు మీఱు సందర్భము ఇంచుమించు లేదు. అయితే, విభజన పొందవు గనుకనే, ఒకమాఱు చచ్చిన కణము స్థానమున కొత్తది వచ్చుట బహు అరుదు; తఱచుగా మచ్చయే మిగులును. కంతినుండి కాపాడు గుణమును, గాయమును మాననీయని గుణమును ఒక్కటియే. వీనిలో ఒకదానిని కోరి రెండవదానిని వలదనుటకు వీలు లేదు. దేవుడు గుండెను ఏల దుర్బలముగా చేసెనని అడుగువాడు, అదే దుర్బలత వేఱొక వ్యాధినుండి తన్ను ఇంతకాలము రక్షించుచు వచ్చినదని తెలిసికొన్నప్పుడు, దైవముపై మోపిన అభియోగమును మరల విచారింపవలసి వచ్చును.

శతాబ్దములతరబడి ఈ కంతులు శవపరీక్షలోనే బయటపడుచుండెను; 1559లో ప్రకటితమైన గ్రంథమున ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు రియాల్డో కొలంబో అట్టిదానిని పేర్కొనెను. 1954లో స్వీడనున క్లారెన్స్ క్రాఫోర్డ్, రక్తమును కొంతసేపు యంత్రముద్వారా నడపుచు, ఎడమ కర్ణికను తెఱచి మిక్సోమాను కోసి తీసి రోగిని బ్రదికించెను. అప్పటినుండి అది చికిత్సలేని వ్యాధి కాదు. కాడతోసహా తీసివేసినచో మరల వచ్చుట అరుదు. 1954కు ముందు ఆ కంతితో మరణించినవారందఱును పాపులును, తరువాత బ్రదికినవారందఱును పుణ్యాత్ములును కారు గదా! మాఱినది మానవుని విద్య. రోగి శీలము కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. మనము దీనిని కొత్తగా అడుగుచున్నామనుకొందుము గాని, దహరవిద్యలోని శిష్యులే ఈ ప్రశ్న వేసిరి. సమస్తమును ఈ బ్రహ్మపురమునందే ఇమిడియున్నచో, దీనిని ముసలితనము పట్టినప్పుడు, ఇది కూలిపోయినప్పుడు, ఇంక మిగులునదేమి యని వారి సందేహము. గురువు ఆ సందేహమును అపరాధమనలేదు. పురము ఎన్నటికిని కూలదని ఓదార్చనును లేదు. ఇది జీర్ణించినంతమాత్రమున అది జీర్ణింపదనియు, దీనిని చంపినంతమాత్రమున అది చావదనియు చెప్పి, నిజమైన బ్రహ్మపురము అదియే యని నిశ్చయించెను. దేవుడు హృదయమున నున్నాడనుట ఆ మాంసఖండమునకు ఇచ్చిన అభయపత్రము కాదని ఉపనిషత్తే ఒప్పుకొన్నట్లయినది. వాసము శాశ్వతము, వాసస్థానము నశ్వరము.

అట్లయినచో హృదయమను చోటును చెప్పుటయే యేల? శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున దీనికి సాలగ్రామమును దృష్టాంతముగా చూపిరి. సర్వవ్యాపియగు హరిని సాలగ్రామమున ధ్యానించినట్లు, సర్వవ్యాపియగు బ్రహ్మమును హృదయమున ధ్యానింపవలెను. అది ఆయనను బంధించు గది కాదు, మన చిత్తము నిలుచుటకు ఏర్పఱచిన తావు. ఈ దృష్టాంతమునందు మఱొక సూక్ష్మము కలదు. ఇతర విగ్రహములు భిన్నమైనచో పూజకు పనికిరావని విసర్జింతురు. సాలగ్రామము మాత్రము బీటలువాఱినను పగిలినను పూజార్హమే యని మన సంప్రదాయము. కండరము సడలిన గుండె, కంతి పుట్టిన గుండె, శస్త్రముతో తెఱచి కుట్టిన గుండె, ఆ విధముననే ఉపాసనాస్థానముగా నిలుచుచున్నది. స్వామి అచ్చటనుండి వెడలిపోలేదు.

రమణమహర్షి ఈ విషయమును స్వానుభవముతో ధ్రువపఱచెను. బొబ్బిలి ప్రాంతపు కలువరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతిముని రచించిన రమణగీతలో అయిదవ అధ్యాయము హృదయవిద్య. తాను చెప్పు హృదయము రక్తమును నడపు అవయవము కాదని మహర్షి అందు విడమఱచి చెప్పెను. ఆ మహాత్ముని ఎడమచేతిపై సార్కోమా యను కంతి పుట్టినది. నాలుగుమాఱులు శస్త్రచికిత్స జరిగినను మరల మరల పెరిగినది. 1950 ఏప్రిల్ 14న ఆయన దేహము చాలించెను. రామకృష్ణపరమహంస 1886లో గొంతు క్యాన్సరుతో సిద్ధిపొందెను. వ్యాధి పాపచిహ్నమే యైనచో ఈ యిరువురినిగూర్చి ఏమి చెప్పుదుము? కంతి వచ్చినది దేహమునకు; వారి దైవనిష్ఠ దానివలన సడలలేదు.

అంతమాత్రమున మనసునకును గుండెకును సంబంధమే లేదనుట పొరపాటు. 1990లో జపాను వైద్యులు వర్ణించిన టకొట్సుబో యను వ్యాధిలో, ఆప్తుని మరణమువంటి తీవ్రశోకము తగిలిన వెంటనే గుండె కొన ఉబ్బి ముకుళించుట మానును. నాళములలో అడ్డేమియు కానరాదు. పెద్దవయసు స్త్రీలకు ఇది ఎక్కువగా వచ్చును. కొన్ని వారములకు గుండె చాలమందిలో మరల యథాస్థితికి వచ్చును. దశరథుని పుత్రశోకమును చదివి పెరిగిన మనకు ఇది నమ్మరానిది కాదు. గీత మనస్సును సైతము క్షేత్రములోనే, అనగా శరీరములోనే, చేర్చినది. క్షేత్రములో ఒక భాగపు గాలివాన మఱొక భాగమును కదలించుట సహజమే. ఎంతగా ప్రేమించువానికి అంతగా శోకము. దానిని భక్తిలోపమనువాడు ప్రేమను ఎఱుగనివాడు.

కండరము పూర్తిగా చెడినవారికి నేడు మిగిలిన ముఖ్యమార్గము గుండెమార్పిడి. మన దేశమున 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో మొదటిసారి దీనిని విజయవంతముగా నిర్వహించినవారు రాజమహేంద్రవరమున జన్మించిన పనంగిపల్లి వేణుగోపాల్. మెదడు మరణించినవాని గుండెను తీసి మఱొకని ఱొమ్మున నిలుపగా, ఆ రెండవవాడు కన్నులు తెఱచి తన భార్యనే గుర్తించును, తన బిడ్డలనే పేరుపెట్టి పిలుచును, తన యిష్టదైవమునకే నమస్కరించును. అవయవము చేయి మాఱినది. అందు వెలుగుచుండెనని మనము నమ్మిన సాక్షి మాఱలేదు. ఉపనిషద్గురువు శిష్యులకు చెప్పిన మాట ఆపరేషను బల్లపై ప్రత్యక్షమైనట్లు నాకు తోచుచున్నది. తెలుగునాట జీవన్‌దాన్ అను అవయవదాన పథకము ద్వారా తమ బిడ్డ గుండెను పరునికిచ్చుటకు సమ్మతించు తల్లిదండ్రులు, ఏ గ్రంథము చదువకయే, ఈ వేదాంతమును ఆచరణలో చూపుచున్నారు.

కావున నా నిశ్చయ మిది. ఈశ్వరుడు హృదయమున నున్నాడనుట సత్యము. హృదయము వ్యాధికి లోనగుననుటయు సత్యము. ఈ రెండింటికిని వైరము లేదు. ఈ సత్యమును ఒప్పుకొన్నవానికి కొన్ని కర్తవ్యములు తప్పవు. ఇంటిలో ఒక యువకుడు అకారణముగా మరణించినచో జాతకములు విప్పుటకు ముందు వాని తోబుట్టువులకు ఈసీజీయు, ఎకో పరీక్షయు చేయింపవలెను. ఆయాసపడు బాలింతను “కాన్పు నీరసము” అని పడుకొనబెట్టక వైద్యుని చూపవలెను. రోగిని పలుకరింప పోయినవాడు పూర్వజన్మప్రసంగము మాని, మందులకు డబ్బున్నదా, రాత్రి తోడుండువారున్నారా యని అడుగవలెను. రోగి తనంతట తాను ప్రారబ్ధమనుకొని శాంతించినచో దానిని గౌరవింపవలెను. మనము మాత్రము ఆ మాటను వానిపై మోపరాదు. హృదయమున దేవుడున్నాడని ప్రతిదినము మంత్రపుష్పమున వినుచున్న జాతి, ఆ హృదయమునకు ఆపద వచ్చినప్పుడు ఆ మనిషిని దోషిగా గాక దేవాలయముగా చూచి సేవించుటకంటె, ఆ మంత్రమునకు వేఱొక అర్థమును నే నెఱుగను.